మైనం మీద మక్కా గొంతులు: పాత రికార్డింగులపై జానపద గాయకుల హక్కు

నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో వందల సంఖ్యలో మైనపు సిలిండర్లు ఉన్నాయి. వాటిలో చాలావాటి మీద 1906కూ 1909కూ మధ్య జెడ్డాలో, మక్కాలో వినిపించిన గొంతులు గాట్లుగా పడి ఉన్నాయి. ఖురాన్ పఠనాలు, పాటలు, వాద్యాలు అన్నీ వాటిలో కలగలిసి ఉన్నాయి. వాటిని సేకరించిన మనిషి డచ్ పండితుడు క్రిస్టియాన్ స్నూక్ హుర్ఖ్రోన్యె. అప్పటికి సౌదీ అరేబియా అనే రాజ్యం లేదు. జెడ్డా, మక్కా ఉన్న హిజాజ్ ప్రాంతం ఉస్మానియా సామ్రాజ్యం కింద, మక్కా షరీఫుల పాలనలో ఉండేది. ఇప్పుడున్న రాజ్యాన్ని ప్రకటించింది 1932లో.

పాడినవాళ్లు పోయారు. వాళ్ల ఊళ్లు ఒక రాజ్యంలో ఉన్నాయి, గొంతులు ఇంకో రాజ్యంలో ఉన్నాయి. ఆ గొంతుల మీద ఇవాళ ఎవరికి ఏ హక్కు ఉన్నట్టు? గత ముప్ఫై ఏళ్లలో తైవాన్ నుంచి అమెరికా దాకా చాలాచోట్ల జానపద గాయకులు, వాళ్ల వారసులు తమ పాత రికార్డింగుల మీద హక్కు అడిగారు. కొందరికి దక్కింది, కొందరికి దక్కలేదు. ఆ అనుభవాలను సౌదీ రికార్డింగుల పక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుందని నా అభిప్రాయం. పాత రికార్డింగుల వ్యవహారంలో కాపీరైట్ చట్టం పాటగాడికి ఆలస్యంగా అందుతుంది, తక్కువగా అందుతుంది. హక్కు తిరిగి వచ్చిన ప్రతిచోటా దాన్ని రప్పించింది ఎవరో ఒకరు రాసిపెట్టిన పేరు. పేరు లేనిచోట న్యాయం ఎంత స్పష్టంగా ఉన్నా అడగడానికి మనిషి లేకుండా పోయాడు.

ముందు ఆ సిలిండర్ల సంగతి. ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌లో పాటగాడు పెద్ద గరాటు లాంటి కొమ్ములోకి పాడాలి. గొంతు కదలికకు లోపలి పొర అదిరి, దానికున్న సూది తిరుగుతున్న మైనం మీద గాడి చెక్కుతుంది. ఒక్కో సిలిండర్ మీద పట్టేది రెండు నుంచి నాలుగు నిమిషాలు. రాత్రంతా సాగే పాటైనా అంతలోకి కుదించాల్సిందే. మళ్లీ వినడానికి అదే గాడి మీద సూది నడవాలి కాబట్టి విన్న ప్రతిసారీ గాడి కొంత అరుగుతుంది. వేరే నకలు తీసి ఉంటే తప్ప ఆ పాటకు ఆ ఒక్క సిలిండరే ఆధారం. అది ఎవరి చేతిలో ఉంటే పాట భవిష్యత్తు వాళ్ల చేతిలో ఉన్నట్టే. చట్టంతో పనిలేకుండానే యాజమాన్యం ఒకరి వైపు ఒరిగిపోయింది.

స్నూక్ సామాన్య యాత్రికుడు కాదు. 1884లో జెడ్డా చేరాడు, 1885లో ముస్లింగా మక్కాలో ప్రవేశించి కొన్ని నెలలు ఉన్నాడు. అక్కడి జనజీవనం మీద రెండు సంపుటాల గ్రంథం రాశాడు. 1889 నుంచి 1906 దాకా డచ్ ఈస్ట్ ఇండీస్‌లో వలస ప్రభుత్వ సలహాదారుగా పనిచేశాడు. ఇండీస్ నుంచి హజ్‌కు వచ్చే వేలమంది వ్యవహారాలు చూడడానికి, వాళ్ల మీద కన్నేసి ఉంచడానికి కూడా, డచ్ ప్రభుత్వం 1872లోనే జెడ్డాలో కాన్సులేట్ తెరిచింది. సిలిండర్ల సేకరణ ఈ పరిచయాల ఆసరాతోనే సాగింది. ఇది దోపిడీ అని ముద్ర వేయడానికి నేను సిద్ధంగా లేను. ఆనాటి హిజాజ్ సంగీతం గురించి ఈ సిలిండర్లు చెప్పేది ఏ పుస్తకమూ చెప్పలేదు. సంగీత పరిశోధకురాలు అన్నె వాన్ ఊస్ట్‌రమ్ వీటిని విని, స్నూక్ రాతలతో పోల్చి, ఆ కాలపు హిజాజీ పాటను మళ్లీ అర్థం చేసుకునే దారి వేశారు. అయితే పాడినవాడూ పాడించుకున్నవాడూ సమానంగా కూర్చుని మాట్లాడుకుని చేసుకున్న ఒప్పందం ఇది అని కూడా అనలేం.

గొంతును యంత్రంలో బంధించడం మామూలు విషయం కాదని ఆ కాలపు ముస్లిం పండితులకు తెలుసు. డచ్ ఈస్ట్ ఇండీస్‌లోని బటావియాలో ఉండే సయ్యద్ ఉస్మాన్ అనే పండితుడు ఫోనోగ్రాఫ్ మీద, ముఖ్యంగా అందులో ఖురాన్ వినడం మీద, మతపరమైన అభిప్రాయం రాశారు. ఆ చర్చను తీసుకుని స్నూక్ 1900లో ‘ఇస్లాం ఉండ్ ఫోనోగ్రాఫ్’ అనే వ్యాసం ప్రచురించాడు. దీన్నిబట్టి ఒక సంగతి ధైర్యంగా చెప్పవచ్చు. రికార్డింగ్ పెట్టె ముందు ఏది పాడవచ్చు, ఏది పాడకూడదు, దాన్ని ఎవరు ఎక్కడ వినవచ్చు అన్న ప్రశ్నలు మన కాలం వాళ్లు వెనక్కి వెళ్లి అంటగట్టినవి కావు. ఆ రోజుల్లోనే, ఆ సమాజంలోనే అడిగినవి.

స్నూక్ సేకరణకు సంబంధించి పక్కన పెట్టి చూడాల్సిన ఉదంతం ఇంకొకటి ఉంది. అది పాటది కాదు, ఫోటోలది. మక్కాలో అబ్దుల్ గఫ్ఫార్ అనే వైద్యుడు ఉండేవారు. మక్కా నగరాన్ని, యాత్రికులను కెమెరాతో తీసిన తొలి స్థానికుల్లో ఆయన ఒకరు. స్నూక్ మక్కా వదిలి వెళ్లాల్సి వచ్చాక ఈ వైద్యుడు తీసిన ఫోటోలు అతనికి చేరాయి. 1889లో అవి ‘బిల్డర్ ఔస్ మెక్కా’ పేరుతో అచ్చయ్యాయి. అందులో ఫోటోగ్రాఫర్ పేరు లేదు, ఒక మక్కా వైద్యుడన్న ప్రస్తావన మాత్రం ఉంది. ఫోటోల మీద అరబిక్‌లో ఉన్న ఆయన సంతకాలను అచ్చుకు ముందు తొలగించిన జాడను తర్వాతి పరిశోధకులు బయటపెట్టారు. ఇప్పుడు ఆ చిత్రాలు ఆయన పేరుతోనే ప్రదర్శనల్లో, కేటలాగుల్లో కనిపిస్తున్నాయి. పోయిన పేరు వందేళ్లకు తిరిగి రావడానికి కారణం ఒక్కటే, మూల ఫోటోల మీద సంతకం మిగిలి ఉంది. మైనం మీద సంతకం చేసే వీలు లేదు.

వీలు లేదన్నాను గాని, ఒక దారి ఉంది. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ తొలి భారతీయ రికార్డులు చేసినప్పుడు గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే గట్టిగా చెప్పింది. రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి, అక్కడి పనివాళ్లు ఏ రికార్డు ఎవరిదో గుర్తుపట్టాలని ఆ ఏర్పాటు. కంపెనీ సౌకర్యం కోసం పుట్టిన అలవాటే అయినా గాయనికి చెరగని రుజువైంది. లేబుల్ చిరిగినా, కేటలాగ్ కాలిపోయినా పాట లోపలే పేరు ఉంది.

ఇక చట్టం. ఒక పాత రికార్డింగ్ మీద హక్కు అంటే మూడు వేర్వేరు హక్కులు. పాట కట్టినవాడిది ఒకటి, పాడినవాడిది ఒకటి, రికార్డు చేసినవాడిది ఒకటి. సినిమా పాటలో ఈ మూడూ కాగితం మీద విడివిడిగా కనిపిస్తాయి. జానపదంలో మొదటి హక్కుదారు ఎవరో తేలదు, రెండో హక్కుదారుకు తన హక్కు సంగతి తెలియదు, మూడోవాడు మాత్రం రశీదు పట్టుకుని సిద్ధంగా ఉంటాడు. లోకమంతటా పాత జానపద రికార్డులు కంపెనీల, ఆర్కైవుల పేరిట ఉండడానికి ఇదే ప్రధాన కారణం.

సౌదీ అరేబియాలో తొలి కాపీరైట్ చట్టం 1989లో వచ్చింది. ఇప్పటి వ్యవస్థకు ఆధారమైన చట్టం 2003 నాటిది. ఆ తర్వాతి ఏడాదే ఆ దేశం కాపీరైట్ మీది అంతర్జాతీయ బెర్న్ ఒప్పందంలో చేరింది. 2003 చట్టం జానపదం గురించి సూటిగా మాట్లాడుతుంది: జానపద కళారూపాలు రాజ్యం ఆస్తి, వాటి మీద కాపీరైట్‌ను మంత్రిత్వ శాఖ చెలాయిస్తుంది. బయటి దేశాల్లో తయారైన జానపద కృతుల నకళ్లను అనుమతి లేకుండా దిగుమతి చేసి పంచడాన్ని కూడా అది నిషేధిస్తుంది. ప్రదర్శకులకు, రికార్డు నిర్మాతలకు 50 ఏళ్ల రక్షణ ఉంది.

ఈ రెండింటినీ కలిపి చదివితే సామ్రీ అనే జానపద పాట పాడే ఒక పాటగాడి పరిస్థితి ఇలా ఉంటుంది. తాను పాడే పాట రాజ్యానిది. తాను పాడిన తీరు తనదే గాని 50 ఏళ్ల వరకే. చట్టం చెప్పినట్టు లెక్క వేస్తే 1974లో పాడిన పాట మీద పాటగాడి హక్కు 2024తో ముగిసింది. సౌదీ రేడియో జెడ్డా నుంచి మొదలైంది 1949లో, టెలివిజన్ 1965లో. అంటే రేడియో తొలి రెండు దశాబ్దాల్లో పలికిన గొంతుల గడువు దాటిపోయింది. ఇంకా హక్కు మిగిలింది ప్రధానంగా క్యాసెట్ కాలానికి. అందులో కూడా ప్రతి సంవత్సరం ఒక సంవత్సరపు పాటలు గడువు గీత దాటుతున్నాయి. లైడెన్ సిలిండర్లకు ఏ దేశపు గడువు వేసినా అది ఎప్పుడో తీరిపోయింది.

రాజ్య యాజమాన్యాన్ని కేవలం చెడుగా చూడడం తొందరపాటు అవుతుంది. 1970లలో, 1980లలో ట్యునీషియా మొదలైన దేశాలు, యునెస్కో, ప్రపంచ మేధోసంపత్తి సంస్థ కలిసి నమూనా చట్టాలు తయారు చేసినప్పుడు ఉన్న భయం న్యాయమైనదే. విదేశీ కంపెనీ ఊరి పాటను ఎత్తుకుపోతే అడ్డం పడే శక్తి ఊరికి లేదు, ప్రభుత్వానికి ఉంది. బెర్న్ ఒప్పందంలోనే కర్త తెలియని అముద్రిత రచనల తరఫున ప్రభుత్వం ఒక అధికార సంస్థను నియమించే వీలు ఉంది. ఇబ్బంది వచ్చేది ఆ తర్వాతి మెట్టులో. రాజ్యం బయటివాడిని ఆపగలదు గాని, హిజాజ్ వీధిలో మిజ్మార్ ఆడే బృందానికీ ఆ బృందం పాటను అమ్ముకునే స్వదేశీ కంపెనీకీ మధ్య తగువు వస్తే, పాట రాజ్యానిది అన్న వాక్యం బృందానికి ఏ విధంగానూ ఉపయోగపడదు.

మిజ్మార్ పేరు ఎత్తాను కాబట్టి యునెస్కో జాబితా గురించి చెప్పాలి. నజ్ద్ ప్రాంతపు అర్దా అనే ఆటపాట 2015లో, హిజాజ్ ప్రాంతపు మిజ్మార్ 2016లో మానవాళి అభౌతిక సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరాయి. తెల్లటి పొడుగు అంగీలు వేసుకున్న మగవాళ్లు రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడి, చప్పట్లతో, డప్పులతో పాడుతూ ఉంటే ఇద్దరిద్దరు మధ్యలోకి వచ్చి కర్రలు తిప్పుతూ ఆడేది మిజ్మార్. జాబితాలో చేరితే హక్కులు వస్తాయని చాలామంది నమ్ముతారు, మన పత్రికలు కూడా కొన్నిసార్లు అలాగే రాస్తాయి. అది సరికాదు. మేధోసంపత్తికి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందాల కింద దేశాలకున్న హక్కులనూ బాధ్యతలనూ తాను మార్చడం లేదని 2003 నాటి యునెస్కో ఒప్పందం మూడో అధికరణంలోనే రాసుకుంది. జాబితా వల్ల గౌరవం, గుర్తింపు, కొంత ప్రభుత్వ పోషణ వస్తాయి. పాత క్యాసెట్ మీద పైసా హక్కు రాదు.

సౌదీ విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది ఆడవాళ్ల పాట. నజ్ద్‌లో, హిజాజ్‌లో పెళ్లిళ్లకు పాడే వృత్తి గాయనుల బృందాలు తరతరాలుగా ఉన్నాయి. డప్పులు వాయిస్తూ పాడే ఈ స్త్రీలలో ఆఫ్రికా మూలాలున్నవాళ్లు ఎక్కువ. అరేబియా ద్వీపకల్ప సంగీతం మీద 2015లో పెద్ద గ్రంథం ప్రచురించిన లీసా అర్కెవిచ్ ఈ బృందాలకు తగినంత చోటు ఇచ్చారు. ఈ పాట వినేది ఆడవాళ్లు మాత్రమే. పెళ్లింట్లో మగవాళ్లు వేరే చోట ఉంటారు. జెడ్డాలో తూహా, రియాద్ పెళ్లి వేడుకల నుంచి ఎదిగిన ఇతాబ్ లాంటి కొద్దిమంది ఈ లోకం నుంచి క్యాసెట్లకూ ప్రసారాలకూ వచ్చి పేరు పొందారు. 2007లో మరణించిన ఇతాబ్ కెరీర్‌లో చాలా భాగం ఈజిప్టులో గడిచింది. మిగిలినవాళ్లు పెళ్లింటి గోడల మధ్యే పాడారు.

ఇలాంటి పాట రికార్డు అయినప్పుడు హక్కు అన్న మాటకు అర్థమే వేరు. మగవాళ్లు వినరన్న భరోసా మీద ఒక స్త్రీ పాడింది. అతిథుల్లో ఎవరో చిన్న టేప్ రికార్డర్‌లో పట్టారు. నలభై ఏళ్ల తర్వాత ఆ టేపు డిజిటల్ అయి లోకమంతా వినే చోటికి చేరింది. ఆమెకు రాయల్టీ ఇస్తే సరిపోతుందా? ఆమె గాని, ఆమె కూతుళ్లు గాని దాన్ని తీసేయమని అడిగితే? గడువు తీరిన రికార్డింగ్ విషయంలో కాపీరైట్ చట్టం దగ్గర దీనికి జవాబు లేదు. వినకుండా ఆపే హక్కు కూడా పాటగాళ్ల హక్కే. పాత రికార్డింగుల మీద మన చర్చలన్నీ డబ్బు చుట్టూ తిరిగి దీన్ని వదిలేస్తున్నాయి.

ఇక హక్కు అడిగి తెచ్చుకున్నవాళ్ల దగ్గరికి వెళదాం. తైవాన్‌లో ఆమిస్ తెగకు చెందిన డిఫాంగ్, ఇగాయ్ దుఆనా అనే రైతు దంపతులు 1988లో ఐరోపాలో జరిగిన ఒక సాంస్కృతిక పర్యటనలో పాడారు. పారిస్‌లోని మెజోన్ దె క్యుల్త్యూర్ ద్యు మోంద్ అనే సంస్థ ఆ పాటలతో సీడీ విడుదల చేసింది. ఆ గొంతులను తీసుకుని ఎనిగ్మా బృందం 1993లో ‘రిటర్న్ టు ఇన్నోసెన్స్’ చేసింది. అది ప్రపంచమంతా మోగింది, 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలో కూడా వాడారు. ఆ గొంతు తమదని దంపతులకు తెలిసింది. వాళ్లు 1998లో అమెరికాలో దావా వేశారు. మరుసటి ఏడాది కోర్టు బయట రాజీ కుదిరింది, పరిహారంతో పాటు పాట మీద వాళ్ల పేర్లు కూడా చేరాయి. తీర్పు రాలేదు కాబట్టి ఇది న్యాయసూత్రం కాలేదన్నది గుర్తుపెట్టుకోవాలి.

దీని పక్కన సాలమన్ దీవుల ఉదంతం. 1970 ప్రాంతంలో మలైటా దీవిలో అఫునాక్వా అనే స్త్రీ పాడిన జోలపాటను సంగీత పరిశోధకుడు హ్యూగో జెంప్ రికార్డు చేశారు. యునెస్కో సంగీత పరంపరలో అది ఎల్పీగా వచ్చింది. 1992లో డీప్ ఫారెస్ట్ బృందం ఆ గొంతుతో ‘స్వీట్ లలబై’ చేసింది. ఆ పాట ఉన్న ఆల్బమ్ మధ్య ఆఫ్రికా పిగ్మీల పేరుతో ప్రచారమైంది. నార్వే సంగీతకారుడు యాన్ గార్బారెక్ ఆ స్వరాన్ని ‘పిగ్మీ లలబై’ పేరుతో వాయించారు. ఒక పసిఫిక్ దీవి తల్లి పాట ఆఫ్రికా అడవి పాటగా లోకానికి తెలిసింది. జెంప్ నిరసించారు, మరో సంగీత పరిశోధకుడు స్టీవెన్ ఫెల్డ్ 2000లో ఈ కథనంతా రాశారు. ఆమె పేరు మనకు తెలియడం జెంప్ రాసిపెట్టుకున్న పుణ్యమే. కానీ ఆమె తరఫున డిఫాంగ్ దంపతులకు దొరికినటువంటి న్యాయవాది గాని, జీవించి ఉండి గొంతెత్తిన హక్కుదారు గాని లేకపోయారు.

ఈ రెండూ కోర్టుకూ కంపెనీకీ సంబంధించినవి. సౌదీ సిలిండర్లకు నిజంగా దారి చూపేది మూడో ఉదంతం, అమెరికాలోని పాసమక్వాడీ తెగది. 1890 మార్చిలో పరిశోధకుడు జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ మెయిన్ రాష్ట్రంలోని కాలిస్‌లో వాళ్ల పాటలను, కథలను మైనపు సిలిండర్ల మీద పట్టాడు. ఒక జాతి సంస్కృతిని క్షేత్రంలో రికార్డు చేసిన తొలి సందర్భంగా దీన్ని చెబుతారు. 31 సిలిండర్లు మిగిలాయి, అవి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. 1980లలో నకళ్లు క్యాసెట్లుగా తెగకు అందాయి గాని గరగర శబ్దంలో మాట సరిగా వినిపించేది కాదు. గత దశాబ్దంలో మేలైన పద్ధతిలో మళ్లీ డిజిటల్ చేశారు. ఈసారి తెగ పెద్దలు ఒక్కో పాట విని, అదేమిటో, ఎవరు వినవచ్చో, దేనికి వాడవచ్చో నిర్ణయించారు. ఆ నిర్ణయాలు 2018 నుంచి గ్రంథాలయ కేటలాగులోనే గుర్తులుగా కనిపిస్తున్నాయి. ఫలానా పాటను వ్యాపారానికి వాడకూడదు, ఫలానా పాటకు ఈ తెగ పేరు చెప్పాలి అని వాటి భావం. అమెరికాలో 1923కు ముందటి రికార్డింగులన్నీ 2022 జనవరి 1 నుంచి సార్వజనికమయ్యాయి. అంటే చట్టం ప్రకారం ఆ పాటలు ఎవరైనా వాడుకోవచ్చు. చట్టం తలుపు తెరిచేసిన చోట కేటలాగులోని మాట కాపలా కాస్తోంది. దానికి కోర్టు బలం లేదు, గ్రంథాలయపు నైతిక బలం ఉంది. అది తక్కువే, కానీ 1890 నుంచి ఆ తెగకు దక్కిన వాటిలో అదే ఎక్కువ.

మన దేశంలో కూడా ఈ దారిలో పని జరిగింది. 1982లో మొదలై ఇప్పుడు గుర్‌గావ్‌లో ఉన్న ఎథ్నోమ్యూజికాలజీ ఆర్కైవ్, విదేశీ పరిశోధకులు భారతదేశంలో చేసిన రికార్డింగుల నకళ్లను వెనక్కి తెప్పించడమే పనిగా పెట్టుకుంది. శుభా చౌధురి నాయకత్వంలో రాజస్థాన్‌లోని లంగా, మాంగణియార్ గాయకులతో కూర్చుని ఆ రికార్డింగులను వినిపించి, వాళ్లు ఏం కోరుతున్నారో అడిగి పనిచేసింది.

సౌదీలోనూ పునాది లేకపోలేదు. తాయిఫ్‌లో పుట్టి, సైనిక సంగీతంలో పనిచేసి, కైరోలో చదివిన తారిఖ్ అబ్దుల్ హకీం దేశంలోని పాటలను, వాయిద్యాలను జీవితాంతం సేకరించారు. 2012లో మరణించిన ఆయన పేర జెడ్డా పాతబస్తీలో ఇప్పుడు మ్యూజియం ఉంది. 2018లో ప్రత్యేక సాంస్కృతిక మంత్రిత్వ శాఖ, 2020లో దాని కింద సంగీత సంస్థ ఏర్పడ్డాయి. ప్రాంతాలవారీగా పాటలను, ఆటలను నమోదు చేసే పని సాగుతోంది. 2024 నవంబరులో డిజైన్ చట్టాల ఒప్పందం కుదిరింది రియాద్‌లోనే. డిజైన్ నమోదు కోరేవాళ్లు అందులో వాడిన సంప్రదాయ కళారూపాల వివరం చెప్పాలని దేశాలు అడగవచ్చన్న వెసులుబాటు ఆ చర్చల్లో గట్టి వాదోపవాదాల తర్వాతే వచ్చింది. దుస్తుల మీది అద్దకానికి మూలం చెప్పమనే వీలు పెట్టిన చోట, పాటకు మూలం చెప్పమని అడగడం పెద్ద దూరమేమీ కాదు.

ఈ సౌదీ సంగతులు తెలుగు పాఠకులకు ఎందుకంటే, మన పరిస్థితి దీనికంటే మెరుగ్గా లేదు. భారత కాపీరైట్ చట్టం 1957లో వచ్చినా ప్రదర్శకుల హక్కు అన్నది 1994 సవరణతో గాని చేరలేదు. మొదట 25 ఏళ్లు, 1999 నుంచి 50 ఏళ్లు. వ్యాపార వినియోగంలో ప్రదర్శకుడికి రాయల్టీ వాటా రాసింది 2012 సవరణ. 1960లలో, 70లలో గ్రామఫోన్ రికార్డుకో ఆకాశవాణికో పాడిన బుర్రకథ దళం, ఒగ్గు కథకుడు, జముకుల పాటగత్తె ఈ తేదీలన్నిటికీ ముందే పాడేశారు. 1913 – 1929 మధ్య గ్రియర్సన్ నడిపిన భారత భాషా సర్వే కోసం చేసిన గ్రామఫోన్ రికార్డుల్లో తెలుగు కూడా ఉంది. వాటిని ఇవాళ ఎవరైనా వినవచ్చు. ఆ గొంతుల ఊరివాళ్లకు అవి ఉన్నాయన్న సంగతి ఎవరు చెప్పారు?

2021లో ‘సారంగదరియా’ పాట మీద వచ్చిన వివాదం గుర్తుండే ఉంటుంది. ‘లవ్ స్టోరీ’ సినిమా కోసం సుద్దాల అశోక్ తేజ రాసిన ఆ పాటకు మూలమైన జానపదాన్ని తాను వెలుగులోకి తెచ్చానని, టీవీ కార్యక్రమంలో ముందే పాడానని వరంగల్ గాయని కోమలి అడిగారు. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమె సేకరణను గుర్తిస్తామని, పారితోషికం ఇస్తామని బహిరంగంగా చెప్పారు. చట్టం దాకా వెళితే ఆమె వాదన ఎంత నిలిచేదో చెప్పడం కష్టం. ఎందుకంటే జానపదాన్ని సేకరించినవారికి మన చట్టంలో ప్రత్యేక హక్కు లేదు. ఆమెకు అండగా నిలిచింది ఆ కార్యక్రమపు వీడియో. ముఖం ఉంది, పేరు ఉంది, తేదీ ఉంది.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి సౌదీకి పోయినవాళ్లు కూలీ క్యాంపుల్లో పాడుకునే పాటలు ఇప్పుడు ఫోన్లలో రికార్డవుతున్నాయి, ఎవరెవరి చానెళ్లలోనో ఎక్కుతున్నాయి. లైడెన్ సిలిండర్లకూ వీటికీ యంత్రంలోనే తేడా. పాడినవాడి పేరు, ఊరు రాయకపోతే ముప్ఫై ఏళ్లకు ఇవి కూడా ఎవరివో తెలియని గొంతులవుతాయి. అందుకని ఇది చదివినవాళ్లకు ఒక విన్నపం. మీ ఇంట్లో పాత క్యాసెట్లో, టేపులో, ఫోనులో ఊరి పాటగాళ్ల గొంతు ఉంటే ముందు పాడినవాళ్ల పేరు, ఊరు, పాడిన సంవత్సరం, డప్పో కిన్నెరో పక్కన వాయించినవాళ్ల పేరు రాయండి. వాళ్లు బతికి ఉంటే వెళ్లి వినిపించండి. నలుగురికీ పెట్టవచ్చా అని అడగండి. వద్దంటే పెట్టకండి. ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలును కూడా వాళ్ల గొంతుతోనే రికార్డు చేసి, ఒక నకలు వాళ్ల చేతికి ఇవ్వండి.